ఎస్‌ఎంఐసీని ఎప్పటి నుంచి ప్రభుత్వ అండ ఉన్న కంపెనీ అనాలి?

అందరికీ నమస్కారం. చైనా చిప్ కంపెనీ ఎస్‌ఎంఐసీ చరిత్ర మీద వచ్చే వారం కాలేజీలో సెమినార్ ఇవ్వాలి. ఒక్క దగ్గర ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

2000లో షాంఘైలో దీన్ని మొదలుపెట్టింది రిచర్డ్ చాంగ్. అమెరికా చిప్ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో దాదాపు 20 ఏళ్లు పనిచేసిన మనిషి. తైవాన్‌లో ఆయన నడిపించిన కంపెనీ అక్కడి పెద్ద చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ చేతికి వెళ్లాక చైనాకు వచ్చారు. ఎస్‌ఎంఐసీ రిజిస్ట్రేషన్ ఏమో కేమన్ దీవుల్లో, 2004లో లిస్టింగ్ న్యూయార్క్, హాంకాంగ్‌లలో. ఇంతవరకూ చూస్తే విదేశీ పెట్టుబడి కంపెనీలాగే ఉంది కదా!

2008 చివర్లో చైనా ప్రభుత్వ టెలికాం సంస్థ దాతాంగ్ ఇందులో వాటా కొంది. మరుసటి ఏడాది ఎస్‌ఎంఐసీ ట్రేడ్ సీక్రెట్ల (వ్యాపార రహస్యాల) కేసులో టీఎస్‌ఎంసీ చేతిలో ఓడి, 20 కోట్ల డాలర్లతో పాటు షేర్లు కూడా ఇచ్చేందుకు ఒప్పుకుంది. చాంగ్ తప్పుకున్నారు. 2014లో చైనా పెట్టిన జాతీయ చిప్ ఫండ్ కూడా ఆ తర్వాత ఇందులో వాటాదారు అయింది.

నా ఉద్దేశంలో అసలు మలుపు 2009. వ్యవస్థాపకుడు వెళ్లిపోవడం వాటా అమ్మకం కన్నా పెద్ద విషయం అనిపిస్తోంది. మీరైతే దేన్ని తీసుకుంటారు, ఎందుకు? ఇంకోటి, ప్రభుత్వ వాటాలు అనుబంధ సంస్థల పేర్ల మీద ఉంటే వార్షిక నివేదికలో వాటిని ఎలా కలిపి లెక్కేయాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.