మాజీ సైనికుడైన మామయ్యని హోమ్‌లో చేర్చే ముందు ఏం అడగాలి?

రమణి:
ఈయన మా నాన్నగారి స్నేహితుడు, మేం మామయ్య అనే పిలుస్తాం. పదాతిదళంలో చేశారు. పెళ్లి చేసుకోలేదు, అన్నదమ్ములు పోయారు. 81 ఏళ్లు. ఈమధ్య బాత్రూంలో పడి తెల్లారేదాకా అక్కడే ఉండిపోయారు. వృద్ధాశ్రమం మాటెత్తితే "ఆశ్రమమా? నేనింకా సన్యాసం పుచ్చుకోలేదమ్మా" అంటారు. మాజీ సైనికుల హోమ్ అయితే ఆలోచిస్తారట. మామూలు వాటికీ వీటికీ నిజంగా తేడా ఉంటుందా?

రాత్రి డ్యూటీ:
అలాంటి హోమ్‌లో తొమ్మిదేళ్లు చేశానమ్మా. తేడా పగలు కనబడదు. రాత్రి రెండింటికి యుద్ధం కల్లోకొచ్చి ఒకాయన కేకపెట్టి లేస్తాడు. కొత్త ఆయా భుజం పట్టి కుదిపిందంటే చెయ్యి విసురుతాడు, అది ఆయన తప్పు కాదు. మేం గుమ్మంలోనే ఆగి, లైటేసి, పేరుపెట్టి పిలిచేవాళ్లం. పక్క మంచం ఆయన "నేనున్నాలేరా" అంటే మా మాటకన్నా ముందు పనిచేసేది. అందుకని రాత్రిపూట ఎంతమంది ఉంటారో, వాళ్లకిది ఎవరు నేర్పారో అడగండి. తోటలూ టీవీలూ తర్వాత. ఇంకోటి, చెవులు. తుపాకుల మోతలో ఏళ్లు గడిపినవాళ్లు వినబడక పలక్కపోతే మతిమరుపని రాసేస్తారు. ముందు చెవి పరీక్ష చేయించండి.

పాత ఫైలు:
పింఛను సంగతి తేల్చుకోండి. లండన్‌లో 1682 నాటి చెల్సీ రాయల్ హాస్పిటల్ ఉంది, పేరుకే హాస్పిటల్, అది మాజీ సైనికుల నివాసం. అక్కడ చేరాలంటే సైనిక పింఛను వదులుకోవాలి. మీరు చూసే చోట చేతిఖర్చుకి ఎంత మిగుల్తుందో కాగితం మీద రాయించుకోండి. బంధువులు లేరు కదా, ఆపరేషన్ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో ఆయన ఓపికగా ఉన్నప్పుడే తేల్చండి. మామయ్య ఇలాంటి హోమ్‌ని ధర్మసత్రమనుకుంటున్నారేమో, వాషింగ్టన్‌లో 1851లో పెట్టిన సైనికుల హోమ్ కోసం సిపాయిల జీతాల్లోంచే నెలనెలా కోసేవారని చెప్పండి.

రమణి:
సిపాయిల జీతం మాట చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా ట్రంకుపెట్టె పెట్టుకోనిస్తారా, కనుక్కో" అన్నారు!

రాత్రి డ్యూటీ:
మా దగ్గర మొదట కుదరదన్నారు, మంచం కింద పట్టదని. గొడవపడితే ఒప్పుకున్నారు. వెళ్లేముందు పెట్టె కొలత తీసుకెళ్లండి. తాళంచెవి మాత్రం ఆఫీసులో ఇవ్వకండి, ఆయన దగ్గరే ఉండనివ్వండి.