సావో పాలోలో స్నేహం, ప్రేమ: ఆమె మాటను నేను సరిగా అర్థం చేసుకున్నానా?

ప్రశ్న: బాటసారి, హైదరాబాద్

ఉద్యోగరీత్యా మూడు నెలలు సావో పాలోలో ఉండి ఈ మధ్యనే తిరిగి వచ్చాను. బ్రెజిల్ అనగానే మనకు తోచే సముద్రతీరమూ, కార్నివాల్ సంబరమూ ఆ నగరపు రోజువారీ జీవితం కావు. 2022 జనాభా లెక్కల్లో కోటీ పద్నాలుగు లక్షలు దాటిన ఆ ఊరు సముద్రానికి ఎగువన పీఠభూమి మీద ఉంది. అక్కడివారు పగలంతా పనిచేసి, చీకటి పడ్డాక బొటెకోలు అనే చిన్న బార్ల ముందు కాలిబాట మీద వేసిన బల్లల చుట్టూ చేరి, ఒకే పెద్ద బీరు సీసాను చిన్న గ్లాసుల్లో పంచుకుంటూ గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఆఫీసులో మొదటి రోజే మహిళా సహోద్యోగులు చెంపకు చెంప ఆనించి పలకరించినప్పుడు నేను బిగుసుకుపోయాను. రెండు వారాల్లో అది మన నమస్కారం లాంటిదేనని తెలిసింది.

నన్ను ఇప్పటికీ వేధిస్తున్న విషయం వేరే ఉంది. పిన్యేరోస్ పేటలో ఫొహో నాట్యం నేర్పే చోట ఒకామె పరిచయమయ్యారు. ఆరేడు వారాల పాటు తరచుగా కలుసుకున్నాం, దగ్గరయ్యాం. ఒక ఆదివారం వాళ్ళ అమ్మగారి ఇంటికి భోజనానికి కూడా తీసుకువెళ్ళారు. ఇంటికి పిలిచి, తల్లికి పరిచయం చేసి, ఎదురుగా కూర్చోబెట్టి వడ్డించారంటే మన లెక్కలో దాని అర్థం ఏమిటో మీకు తెలుసు. కానీ అదే వారం ఆమె స్నేహితురాలు మా సంబంధం గురించి అడిగినప్పుడు, నేను ‘నమోరాదో’ను, అంటే ప్రియుణ్ణి కాదని, ‘ఫికాంతే’ను మాత్రమేనని ఆమె నా ముందే ప్రశాంతంగా చెప్పారు. ఆ మాటకు నిఘంటువులో అర్థం వెతికి చాలా బాధపడ్డాను. ఆమె నన్ను తేలికగా తీసుకున్నారా, లేక అక్కడి పద్ధతి నాకే తెలియలేదా? అక్కడ కొంతకాలం ఉన్నవారు చెప్పగలరు. త్వరలో నా కన్నా చిన్నవాడైన సహోద్యోగి ఒకరు అక్కడికి వెళ్తున్నారు. అతనికి ఏం చెప్పాలో కూడా నాకు తెలియాలి.

జవాబు: గుంటూరు ఆడపడుచు, సావో పాలో

బాటసారి గారూ, తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ఆమె మిమ్మల్ని తేలిక చేయలేదు, ఉన్నమాటే చెప్పారు.

‘ఫికాంతే’ అనేది ‘ఫికార్’ నుంచి వచ్చిన మాట. ‘ఫికార్’ అంటే మామూలు భాషలో ఉండిపోవడం, ఆగడం. మనుషుల మధ్య ఆ మాట వాడితే, ఒకరంటే ఒకరికి ఇష్టం ఉంది, దగ్గరగా ఉంటున్నారు, కానీ ఇంకా ఏ కట్టుబాటూ పెట్టుకోలేదని అర్థం. అది ఒక్క సాయంత్రమే ఉండవచ్చు, నెలల తరబడి సాగవచ్చు. ‘నమోరార్’ వేరు. ఇద్దరిలో ఒకరు నోరు తెరిచి అడగాలి, రెండోవారు ఒప్పుకోవాలి. అలా అడగడానికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. ఒప్పుకున్న నాటి నుంచి వారు ఒకరికొకరు మాత్రమే. కొందరు జంటలు కుడిచేతికి వెండి ఉంగరాలు కూడా తొడుక్కుంటారు. నిశ్చితార్థమైతే అదే చేతికి బంగారు ఉంగరం వస్తుంది, పెళ్ళినాడు అది ఎడమ చేతికి మారుతుంది. ప్రేమికుల రోజు కూడా ఇక్కడ ఫిబ్రవరిలో కాదు, పెళ్ళిళ్ళ దేవుడిగా పేరున్న సెయింట్ ఆంటొనీ పండుగకు ముందు రోజు, జూన్ 12న జరుపుకుంటారు.

మన భాషలో ఎదుటివారితో వరస తెలియకుండా మాట సాగదు. పిన్ని, బావ, వదిన అని పిలవగానే ఎంత దూరంలో నిలబడాలో తెలిసిపోతుంది. ఇక్కడ ఆ వరసను పుట్టుక ఇవ్వదు, పెద్దలూ నిర్ణయించరు. ఇద్దరూ కలిసి పెట్టుకోవాలి. అందుకే వారు ఆ మాటల విషయంలో మనం అనుకునేదాని కంటే చాలా నిక్కచ్చిగా ఉంటారు. మీరు అడగలేదు కాబట్టి ఆమె లేని వరసను కలపలేదు. పైగా మీరు మూడు నెలలకే వెళ్ళిపోయేవారని ఆమెకు మొదటి నుంచీ తెలిసి ఉంటుంది.

ఆదివారం భోజనం గురించి ఒక మాట. ఇక్కడ చాలా ఇళ్ళలో ఆ పూట తలుపు తెరిచే ఉంటుంది. పిల్లల స్నేహితులు, పొరుగువారు, ఊరికి కొత్తగా వచ్చినవారు అందరూ వస్తారు. ఆ ఆదరం నిజమైనదే, అందులో నటన లేదు. కానీ అది పెళ్ళిచూపులు కాదు.

జవాబు: కంపీనాస్ ఇంజినీరు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే, అందరూ ఇలాగే ఉంటారని అనుకోవద్దని మనవి చేస్తున్నాను. నాతో పనిచేసే ఇవాంజెలికల్ క్రైస్తవ కుటుంబాల యువతీ యువకులు ‘ఫికార్’ను అసలు ఒప్పుకోరు, పరిచయం నుంచి నేరుగా నమోరోకే వెళ్తారు, తల్లిదండ్రులకు ముందే చెబుతారు. మరోవైపు పెళ్ళి చేసుకోకుండానే ఏళ్ళ తరబడి కలిసి కాపురం చేసేవారు ఎందరో ఉన్నారు. దాన్ని ‘స్థిర సహజీవనం’గా 1988 రాజ్యాంగమే కుటుంబంగా గుర్తించింది, 2011లో సుప్రీంకోర్టు స్వలింగ జంటలకూ అది వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది.

మీ సహోద్యోగికి రెండు విషయాలు తప్పక చెప్పండి. మన దగ్గర కొందరు బ్రెజిల్ స్త్రీల గురించి మాట్లాడే తీరు విని నేను సిగ్గుపడ్డాను. చెంపకు చెంప ఆనించి పలకరించడం దేనికీ అనుమతి కాదు. ఫొహోలో అపరిచితులు కూడా చేయి పట్టుకుని దగ్గరగా ఆడతారు, పాట అయిపోగానే ధన్యవాదాలు చెప్పి ఎవరి దారిన వారు వెళ్తారు. ఆ నాట్యానికి అంతకుమించిన అర్థం ఏమీ లేదు. సమ్మతి లేకుండా లైంగికంగా తాకడాన్ని 2018 చట్టం నేరంగా ప్రకటించి, ఒకటి నుంచి ఐదేళ్ళ జైలు శిక్ష పెట్టింది.

రెండోది భద్రత. డేటింగ్ యాప్‌లలో దొంగ ప్రొఫైళ్ళు పెట్టి, నిర్మానుష్య ప్రాంతానికి రప్పించి, బంధించి, 2020లో వచ్చిన పిక్స్ అనే తక్షణ చెల్లింపు పద్ధతిలో ఖాతా ఖాళీ చేయించే ముఠాలు ఈ నగరంలో ఉన్నాయి. మొదటిసారి కలిసేది ఎప్పుడూ మెట్రోకు దగ్గరలో, పదిమందీ ఉండే చోట, వీలైతే పగలే కావాలి. గ్లాసును బల్ల మీద వదిలి పోకూడదు, ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడకూడదు.

జవాబు: పోర్చుగీసు భాషా విద్యార్థిని, సావో పాలో

ప్రేమ కంటే స్నేహమే ఇక్కడ నాకు కష్టమనిపించింది. పరిచయమైన ప్రతివారూ ‘వామోస్ మార్కార్’, అంటే ఒక రోజు కలుద్దాం అంటారు. తేదీ, చోటు చెప్పనంతవరకు అది ప్రేమగా చెప్పిన వీడ్కోలే. అది తెలియక మొదటి ఏడాది నేను ఎన్నో సాయంత్రాలు ఎదురుచూశాను.

నన్ను ఆ ఒంటరితనం నుంచి బయటపడేసింది ఆదివారాల పౌలిస్తా. ఆ మహావీధిని 2015 నుంచి ఆదివారాల్లో కార్లకు మూసివేసి మనుషులకు వదిలిపెడుతున్నారు. పాటలు పాడేవారు, చక్రాల బూట్ల మీద తిరిగే పిల్లలు, కుక్కలతో నడిచే ముసలివారు అందరూ అక్కడికి వస్తారు. డబ్బు ఖర్చు లేకుండా పది నిమిషాలు పక్కన నిలబడితే ఎవరో ఒకరు మాట కలుపుతారు. పాత కర్మాగారాన్ని వాస్తుశిల్పి లీనా బో బార్ది మలచిన సెస్క్ పొంపేయా అనే సాంస్కృతిక కేంద్రంలో చేతిపనుల తరగతిలో చేరాను. ప్రతి వారం అవే ముఖాలు కనబడటం వల్లనే నాకు ఇద్దరు స్నేహితురాళ్ళు దొరికారు. మీ సహోద్యోగిని యాప్‌ల కంటే ముందు అలాంటి ఒక తరగతిలో చేరమనండి.

బాటసారి, హైదరాబాద్

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ముందు రోజు ఆమె పంపిన ఒక పెద్ద వాయిస్ మెసేజ్‌కు కోపంతో జవాబివ్వలేదు. అది నా తప్పేనని ఇప్పుడు తెలుస్తోంది. ఈ రాత్రి క్షమాపణ చెబుతాను. నవంబరులో మళ్ళీ పని మీద వెళ్ళవలసి ఉంది. గుంటూరు ఆడపడుచు గారూ, అడగడానికి ప్రత్యేకంగా ఒక మాట ఉందన్నారు. అది ఏమిటి?

గుంటూరు ఆడపడుచు, సావో పాలో

‘కేర్ నమోరార్ కొమీగో?’ అనాలండీ. కానీ ఫోనులో అడగవద్దు. ముందు క్షమాపణ చెప్పి, ఆమె ఏమంటారో వినండి. మాట్లాడుకోవడం మళ్ళీ మొదలైతే, నవంబరులో ఎదురుగా కూర్చుని, ఆ తర్వాత మీరు ఏ దేశంలో ఉండబోతున్నారో కూడా చెప్పి అడగండి.