చిలుక అయితే చీర, ఎలుక అయితే చిన్నపిల్లల బట్టా?

కుట్టుమిషన్_నల్లగొండ:
నల్లగొండలో క్లాక్ టవర్‌కు కొంచెం అవతల నాకో చిన్న కుట్టుషాపు ఉంది. జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. రెండేళ్ల నుంచి రెడీమేడ్ నైట్ ప్యాంట్లు, టీషర్టులు కూడా పెట్టాను. పువ్వుల డిజైన్లు నెలలకొద్దీ అట్లనే ఉంటాయి. టామ్ అండ్ జెర్రీ, మిక్కీ, పాండా బొమ్మలున్నవి వారంలో ఖాళీ. కొనేది కాలేజీ పిల్లలే అనుకునేరు. పోయిన నెల రిటైర్మెంటుకు దగ్గరున్న టీచరమ్మ ఒకావిడ "మా మనవరాలికి" అని డబుల్ ఎక్సెల్ పట్టుకుపోయింది. మనవరాలికి రెండేళ్లు.

నాకు 43. నేనూ ఒకటి ఉంచుకున్నాను. మొన్న దాని మీద చున్నీ వేసుకొని పాల ప్యాకెట్‌కు పోతుంటే మా యారాలు గేటు దగ్గర ఆపి, "ఏందక్కా, పిల్లల బట్టలు తొడుక్కున్నవా" అంది. నేనేమీ అనలేదు. కానీ ఆమె కట్టిన చీరకు అంచు నిండా చిలుకలు, కొంగు నిండా ఏనుగులు!

రెండు సంగతులు చెప్పండి. నేను తెచ్చిన సరుకులో మిక్కీ మొహం మూడో ఉతుకుకే పగిలి పెచ్చులు ఊడింది. ఇద్దరు వాపసు తెచ్చారు. హోల్‌సేల్ షాపతను "వేడినీళ్లలో ఉతికి ఉంటారు" అని చేతులు దులుపుకున్నాడు. కొనేముందే ఎట్లా కనిపెట్టాలి? రెండోది, ఇట్లాంటి బొమ్మను పోచంపల్లి గుడ్డలోనే నేయించి కుర్తీ కుడితే ఎట్లా ఉంటుంది? నవ్వకండి.

పాలమూరు_ప్రింట్:
అక్కా, మహబూబ్‌నగర్‌లో స్క్రీన్ ప్రింటింగ్ నాది. మాకు ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. ఫొటో వేయాలంటే దాన్ని చుక్కలు చుక్కలుగా విడగొట్టాలి, అదో తలనొప్పి. కార్టూన్ అట్ల కాదు, చుట్టూ నల్లగీత, లోపల ఒకే తీరు రంగు. నాలుగు స్క్రీన్లతో మిక్కీ తయారు. టీషర్టు మీద కార్టూన్లు ఇంతగా కనబడటానికి ఇదీ ఒక కారణమే.

ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ రకం ఇంకు అయితే దాదాపు 160 డిగ్రీల వేడి తగిలితేనే పూర్తిగా పట్టుకుంటుంది. తొందరలో సగం వేడితో తీసేస్తే పైకి బాగానే కనబడుతుంది, ఉతికితే పగులుతుంది. బొమ్మ ఉన్నచోట బట్టను రెండు చేతులతో మెల్లగా సాగదీయండి. సన్నగా పగుళ్లు కనబడితే కొనకండి. గిరాకీకి తిరగేసి చల్లనీళ్లలో ఉతకమని, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దని చెప్పండి. వేడినీళ్ల మీదికి నెట్టడం మా లైన్లో పాత మాటే.

మిక్కీని మీరే ప్రింట్ చేయించి అమ్ముదామని మాత్రం అనుకోకండి. లైసెన్సు కావాలి. నేను ఆ ఆర్డర్లు పట్టను.

గద్వాల_కోడలు:
మా అమ్మ కాలంలో లంగా ఓణీ వేసి పెద్ద జడ వేసుకుంటే "బాపు బొమ్మలా ఉంది" అనేవాళ్లు. ఇప్పటికీ అంటున్నారు. బాపు కార్టూనిస్టే కదా! అంటే మన దగ్గర బొమ్మ బట్ట మీదికి ఎక్కకముందే మనిషి బొమ్మలా తయారైంది.

1928లో తెర మీదికొచ్చిన మిన్నీ సంగతి చూడండి. చుక్కల గౌను, తల మీది రిబ్బన్ ముడి, కనురెప్పల వెంట్రుకలు తీసేస్తే ఆమె మిక్కీయే. హలో కిట్టీ అయితే సినిమాలో పుట్టలేదు, 1974లో జపాన్ కంపెనీ సాన్రియో సామాన్ల మీద వేయడానికే పుట్టించింది. మన ఛోటా భీమ్ 2008 నుంచి హైదరాబాద్‌లోనే తయారవుతున్నాడు, కానీ ఆడవాళ్ల సైజులో భీమ్ స్నేహితురాలు చుట్కీ బొమ్మ టీషర్టు నాకు ఒక్కటీ దొరకలేదు. దొరికితే చెప్పండి, నాకు ఎక్సెల్.

పోచంపల్లి_మగ్గం:
నవ్వడం ఎందుకమ్మా. ఏనుగు, చిలుక మాకు కొత్త కాదు. అయితే మాది బట్ట మీద వేసే బొమ్మ కాదు, నేయకముందే నూలులో ఉండే బొమ్మ. గ్రాఫ్ పేపరు మీద గీసి, ఆ లెక్కన రంగు పట్టకూడని చోట నూలుకు రబ్బరు బిగించి చిటికి కడతాం. సైకిల్ ట్యూబు ముక్కలే. అద్దకం అయ్యాక విప్పుతాం. అందుకే గుండ్రటి గీత మెట్లు మెట్లుగా వస్తుంది, అంచు కాస్త అలుక్కుంటుంది. ఎలుకకు చెవులే గుండ్రం, అది ఇబ్బంది. పిల్లి చెవులు ముక్కోణం, అవి మాకు చేతి పని. బొమ్మ జానెడు ఉండాలి, చిన్నదైతే కన్నూ మూతీ కలిసిపోతాయి. ఒక్క కుర్తీ కోసం ఎవరూ చిటికి కట్టరు, కొన్ని కుర్తీలకు సరిపడా ఆర్డరు ఉండాలి.

కుట్టుమిషన్_నల్లగొండ:
తమ్ముడు చెప్పినట్టు షాపులో ఉన్న సరుకంతా సాగదీసి చూశాను. ముప్పై ఒకటిలో తొమ్మిది పగిలాయి, వాపసు మూట కట్టాను. పిల్లి సంగతి నచ్చింది. మా షాపు మిషన్ కింద ఒకటి పడుకుంటుంది, ఎడమ చెవి సగం తెగింది. మా పాప దాన్నే గీస్తానంటోంది, లైసెన్సు బాధ కూడా లేదు. గ్రాఫ్ పేపర్లు కొన్నాను. అన్నా, జానెడు అంటే నా జానా, మీ జానా? టేపు పట్టి ఇంచుల్లో చెప్పండి.