నాస్ పెట్టె ఇంట్లో పరుగు, బయటినుంచి నత్తనడక: ఉంచుకోవాలా, తిరిగిచ్చేయాలా?

బీటీఎం_బెజవాడ:
నమస్తే అండి. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఉంటున్నాం. రెండు డిస్కుల నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునేది) కొని, 4 టీబీవి రెండు వేసి రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ అవే ఫైళ్లు) పెట్టాను. ఇంట్లో కేబుల్ మీద సెకనుకు 110 ఎంబీ దాకా వస్తోంది. విజయవాడలో అమ్మానాన్నలకు, హైదరాబాద్‌లో అక్కకు పెళ్లి వీడియోలు పంపాలి. ఒక్కోటి దాదాపు 4 జీబీ. బయటి కనెక్షన్‌ను నాస్‌కు పంపేలా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా బయటినుంచి పెట్టె దొరకట్లేదు. పెట్టెతో వచ్చిన యాప్‌లో తెరుచుకుంటోంది కానీ సెకనుకు 1 ఎంబీ దాటదు. నెట్ ప్లాన్ 200 ఎంబీపీఎస్. రిటర్న్ గడువు ఈ వారాంతం దాకే. లోపం పెట్టెలోనా, లైన్లోనా?

తీగలరాజు:
పెట్టె బాగానే ఉందండి. 110 వస్తోందంటే గిగాబిట్ పోర్టును నిండా వాడుతోంది. ఇది ఇచ్చేసి ఇంకోటి తెచ్చినా బయటినుంచి ఇదే పరిస్థితి.

రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపునుంచి వచ్చిన చిరునామా) ఎంతుందో చూడండి. అదే వై-ఫై మీద బ్రౌజర్‌లో మీ పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కు కనిపించే చిరునామా) ఎంతో చూడండి. రెండూ వేరైతే, అందులోనూ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, మీరు సీజీ నాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచారు. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే డోర్ నంబరు ఉండి, ఫ్లాట్ నంబర్లు లేకపోతే ఉత్తరం ఎవరికివ్వాలో తెలియదు కదా, అలా. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి కనెక్షన్ మీ దాకా రాదు. వాన్ ఐపీ 192.168తో మొదలైతే సంగతి వేరు: ఫైబర్ పెట్టె, మీ రౌటర్ రెండూ నాట్ (ఒక చిరునామాను చాలా పరికరాలకు పంచడం) చేస్తున్నాయి. ఫైబర్ పెట్టెను నాట్ చేయకుండా ఊరికే దాటించే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకుంటే ఆ చిక్కు విడిపోతుంది.

బయటినుంచి పరీక్షించేటప్పుడు ఫోన్‌లో వై-ఫై ఆపేసి మొబైల్ డేటా మీదే చూడండి. చాలా రౌటర్లలో ఇంటి వై-ఫై మీదినుంచి సొంత పబ్లిక్ ఐపీని కొడితే తెరుచుకోదు, అది చూసి లేని తప్పు వెతుక్కుంటాం.

బీటీఎం_బెజవాడ:
చూశానండి. వాన్ ఐపీ 100.7x అని ఉంది, బయట కనిపించేది వేరే. కేబుల్ మీద స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ 200, అప్‌లోడ్ 40. స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ చిరునామా) తీసుకోక తప్పదా?

కోరమంగళ_లినక్స్:
తప్పదేమీ లేదు. అక్కయ్య వీడియో దించుకుంటుంటే మీ ఇంటి వైపు ఖర్చయ్యేది అప్‌లోడ్. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ. 4 జీబీకి పావుగంట దాకా పడుతుంది. అంతకు మించి ఏ పెట్టే ఇవ్వలేదు. మీకు 1 ఎంబీ కూడా దాటట్లేదంటే యాప్ డేటాను కంపెనీ రిలే సర్వర్ (మధ్యలో ఉండి డేటా అందించే కంప్యూటర్) మీదుగా తిప్పుతోందన్నమాట.

నాస్‌లో టెయిల్‌స్కేల్ (దూరపు పరికరాలను ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపేది) ప్యాకేజీ వేసి, మీ లాప్‌టాప్‌లో, అక్కయ్య లాప్‌టాప్‌లో కూడా వేయండి. అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది. రెండు వైపులా లోపలినుంచే బయటికి కనెక్షన్ మొదలుపెట్టి దారి కలుపుకుంటాయి కాబట్టి చాలా చోట్ల సీజీ నాట్ ఉన్నా పనవుతుంది, రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. కనెక్ట్ అయ్యాక స్టేటస్‌లో ‘డైరెక్ట్’ అని ఉందో ‘రిలే’ అని ఉందో చూడండి. డైరెక్ట్ అయితే ఆ 5 ఎంబీకి దగ్గరగా వస్తుంది. రిలే అని ఉంటే రెండు రౌటర్లలోనూ ఐపీవీ6 (చిరునామాలు పంచుకోనక్కర్లేని కొత్త ఐపీ పద్ధతి) ఆన్ చేసి చూడండి, తరచూ దానితోనే డైరెక్ట్ అవుతుంది.

అమ్మానాన్నల ఫోన్లో ఇవన్నీ వేయించడం కష్టం. వాళ్లకు పెట్టె యాప్‌లోంచే షేర్ లింక్ పంపండి. లింక్‌కు పాస్‌వర్డ్, వారం రోజుల గడువు పెట్టండి. రిలే నిదానమే, కాబట్టి 4 జీబీ అసలు ఫైలు కాకుండా 1080పీకి కుదించిన కాపీ ఇవ్వండి. ఫోన్లో చూడటానికి అది చాలు.

ఫొటోల ఫోల్డరును మాత్రం విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌గా తగిలించి దూరంనుంచి కాపీ చేయొద్దు. విండోస్ ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో ఒక్కో ఫైలు తెరవడానికి, మూయడానికి అటూ ఇటూ చాలాసార్లు కబురు వెళ్లిరావాలి. వేల చిన్న ఫైళ్లయితే లైను ఖాళీగా ఉన్నా కాపీ పాకుతూనే ఉంటుంది. నాస్‌లోనే జిప్ చేసి ఒకే ఫైలుగా దించుకోమనండి.

తీగలరాజు:
పై పద్ధతే మంచిది. పెట్టిన ఫార్వర్డింగులన్నీ ఇప్పుడే తీసేయండి. రౌటర్‌లోనూ నాస్‌లోనూ యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే సదుపాయం) కూడా ఆపండి. లేకపోతే రేపు స్టాటిక్ ఐపీ తీసుకున్న రోజున అవే పోర్టులు మీకు చెప్పకుండా తెరుచుకుంటాయి. అడ్మిన్ పేజీనీ, ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టునీ ఎట్టి పరిస్థితుల్లోనూ నెట్‌కు వదలొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ దెబ్బ తిన్నవి ఇలా నెట్‌కు తెరిచిపెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలే. ఫైళ్లకు తాళం వేసి, ఒక్కొక్కరిని 0.03 బిట్‌కాయిన్ అడిగారు.

ఎస్పీరోడ్_డిస్కులు:
రిటర్న్ గడువు ఉండగానే డిస్కులు తేల్చుకోండి. లేబుల్ మీద మోడల్ నంబరు చూసి, అది సీఎంఆరో (డేటా వరసలను పక్కపక్కనే రాసేది) ఎస్‌ఎంఆరో (వరసలు ఒకదానిమీదొకటి కొంత ఎక్కేలా రాసేది) తయారీదారు సైట్‌లో సరిచూడండి. ఎస్‌ఎంఆర్ డిస్కు రోజువారీ వాడకంలో మామూలుగానే ఉంటుంది. ఒకటి పోయి కొత్తది వేసి రీబిల్డ్ (మిగిలిన డిస్కులోది కొత్తదానికి ఎక్కించడం) మొదలెట్టినప్పుడు బయటపడుతుంది: అదేపనిగా రాయాల్సి వచ్చేసరికి చతికిలబడుతుంది, కొన్నిసార్లు పెట్టె దాన్ని పాడైందనుకుని పక్కన పెట్టేస్తుంది. 2020లో 2 నుంచి 6 టీబీ డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) రెడ్ డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ ఉందని తేలాకే రెడ్ ప్లస్ అని సీఎంఆర్ రకాన్ని విడదీశారు. ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఈ తేడా మీరే చూసుకోవాలి. డిస్కు తనను తానే పరీక్షించుకునే స్మార్ట్ ఎక్స్‌టెండెడ్ టెస్ట్ ఈ రాత్రికే పెట్టండి. 4 టీబీకి చాలా గంటలు పడుతుంది.

రెయిడ్ 1ను బ్యాకప్ అనుకోవద్దండి. పొరపాటున ఒక ఫోల్డరు తుడిస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. పెళ్లి వీడియోల్లాంటి మళ్లీ దొరకనివి వేరే యూఎస్‌బీ డిస్కులో ఉంచి, కాపీ కాగానే ఊడదీసి బీరువాలో పెట్టండి. ఆ డిస్కును ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ వాడండి.

కరెంటు పోతే రాస్తూ రాస్తూ ఆగిపోకుండా 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. కొనేటప్పుడు యూఎస్‌బీ డేటా పోర్టు ఉందో లేదో, అది మీ నాస్ గుర్తించే మోడలో కాదో చూడండి. ఆ కేబుల్ తగిలిస్తేనే బ్యాటరీ అయిపోయేలోపు పెట్టె తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది. రౌటర్‌నీ ఫైబర్ పెట్టెనూ అదే యూపీఎస్‌కు కలపండి, లేకపోతే నాస్ వెలుగుతూనే ఉన్నా బయటివాళ్లకు దొరకదు.