అప్‌డేట్: ఇంటింటికీ తిరిగి క్లీన్ ఎనర్జీ గురించి చెప్తుంటే ఎవరూ వినట్లేదని అడిగాను కదా

మేం స్టూడెంట్ వాలంటీర్లం, బొగ్గు ప్లాంట్ బదులు సోలార్ కావాలని సంతకాలు అడుగుతుంటే మొహం మీదే తలుపులేస్తున్నారు ఏం చేయాలి అన్నాను, ముందు వాళ్లని మాట్లాడనివ్వండి అన్నారు మీలో కొందరు, నిజంగా పనిచేసిందండి.

ఇప్పుడు క్లైమేట్, కార్బన్ అనకుండా "ఆరేసిన బట్టల మీద బూడిద పడుతోందా" అని అడుగుతున్నాం. ఒకావిడైతే ఏం మాట్లాడకుండా కిటికీ గట్టు మీద వేలితో రాసి నల్లబడ్డ వేలు చూపించింది, ఇంక మేం చెప్పేదేముంది. కంటికి కనపడే ఆ బూడిద కన్నా పీఎం 2.5 (గాల్లో కలిసే అతి సన్నని ధూళి కణాలు) డేంజర్ అని మాత్రం చెప్తున్నాం, అది వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతే, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి కూడా పోతుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో దీని ఏడాది సగటు పరిమితిని క్యూబిక్ మీటర్‌కి 10 నుంచి 5 మైక్రోగ్రాములకి తగ్గించింది.

అద్దెకుండేవాళ్లు "కప్పు మాది కాదు, ప్యానెల్స్ ఎక్కడ పెట్టాలి" అంటారు, కరెక్టే కదా. వాళ్లకి కమ్యూనిటీ సోలార్ గురించి చెప్తున్నాం, ప్యానెల్స్ వేరేచోట ఉంటాయి, మన వాటా కరెంటు బిల్లులో తగ్గుతుంది.

ప్లాంట్‌లో పనిచేసేవాళ్లు ఉద్యోగాల సంగతేంటి అంటే మాత్రం ఇంకా తడబడుతున్నాం, దానికేం చెప్పాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.