స్వాతిముత్యంలో తాళి కట్టే సన్నివేశాన్ని ఇవాళ ఎలా చూడాలి?

గోరింట:
80ల నాటి పేరున్న సినిమాలు మళ్ళీ వరుసగా చూస్తున్నాను. నిన్న రాత్రి స్వాతిముత్యం (1986) చూశాను. కమల్ హాసన్ నటన గురించి, ఇళయరాజా పాటల గురించి నాకు ఏ తగవూ లేదు. తగవంతా ఒక్క సన్నివేశంతోనే. లలిత భర్తను పోగొట్టుకుని, పసివాడితో అన్నావదినల పంచన బతుకుతోంది. శ్రీరామనవమి ఉత్సవం జరుగుతుండగా శివయ్య వచ్చి ఆమె మెడలో తాళి కట్టేస్తాడు. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత కథంతా ఆ ముడి సరైనదేనని మనల్ని ఒప్పించడానికే నడుస్తుంది. దీన్ని వితంతు వివాహం మీద వచ్చిన గొప్ప సంస్కరణ చిత్రంగా ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఆడమనిషి ఇష్టం అడగని సంస్కరణ ఎవరి కోసం?

నేలటికెట్టు:
మీరు సన్నివేశం చూశారు, పాత్రను చూడలేదు. శివయ్య మామూలు మగవాడు కాడు. వయసు పెరిగినా మనసు పసిపిల్లవాడి దగ్గరే ఆగిపోయిన మనిషి. అధికారం అంటే ఏమిటో అతనికి తెలియదు. ఆమె కష్టం తీరాలి, అంతే అతనికి తెలిసింది. విశ్వనాథ్ కావాలనే అలాంటి మనిషిని ఎంచుకున్నారు. లోకజ్ఞానం ఉన్నవాడెవడూ ఆ రోజుల్లో ఆ పని చేయడు కాబట్టి, జ్ఞానం లేనివాడి చేత చేయించి, ఉన్నవాళ్ళందరూ సిగ్గుపడేలా చేశారు. లలిత ఆ క్షణంలో సంతోషించినట్టు ఎక్కడైనా చూపించారా? నిర్ఘాంతపోయింది. ఆ తర్వాత అతన్ని అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతో కాలం పట్టింది. అంత ఓపికగా చెప్పిన కథను ఒక్క ముడి దగ్గర ఆపి తీర్పు ఇవ్వడం అన్యాయం. ఆస్కార్ పోటీకి మన దేశం అధికారికంగా పంపిన తెలుగు సినిమా అది.

రీలుపెట్టె:
గోరింట గారూ, మీరు చూసిన ప్రింటు ఏది? పాత సినిమాలను టీవీ తెరకు సరిపెట్టడానికి రెండు పక్కలా కోసేసినవే ఎక్కువగా తిరుగుతున్నాయి. సగం బొమ్మ చూసి సన్నివేశం గురించి ఎలా మాట్లాడతాం?

గోరింట:
బొమ్మ ఎంత కోసినా లలితను అడిగిన మాట అందులో ఉండదు. తీయనిది ఏ ప్రింటులోనూ దొరకదు.

నేలటికెట్టు గారూ, శివయ్య అమాయకుడని నేనూ అంటున్నాను. అతని మీద నాకు కోపం లేదు. కట్టినవాడు అమాయకుడైనంత మాత్రాన కట్టించుకున్న మనిషి ఒప్పుకున్నట్టు అవుతుందా? ఆస్కార్‌కు వెళ్ళిందన్నది దీనికి జవాబు కాదు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. బి.ఎన్.రెడ్డి వితంతు వివాహం మీద సుమంగళి తీసింది 1940లో. 1986 నాటికి మనం ఇంకొంచెం ముందుకు వచ్చి ఉండాలి కదా.

పల్లవి చరణం:
విశ్వనాథ్ సినిమాల్లోనే దీనికి జవాబు ఉంది. సప్తపది (1981) మళ్ళీ చూడండి. భార్య మనసు ఇంకొకరి మీద ఉందని తెలిసి, భర్తే ఆమెను ప్రేమించినవాడి దగ్గరికి చేర్చడానికి నిలబడతాడు. వేదం చదువుకున్న తాతగారు కులం గోడ దాటి ఒప్పుకుంటాడు. అక్కడ ఆడపిల్ల మనసే కథకు ఆధారం. అది ముందు తీసి, ఇది తర్వాత తీశారు. కాబట్టి కాలం అలాంటిది అనే సర్దుబాటు నాకు నచ్చదు. ఆ కాలంలోనే, ఆ చేతితోనే రెండూ వచ్చాయి.

నేలటికెట్టు:
సప్తపది తీసిన మనిషికి ఆడవాళ్ళ మనసు తెలియదని ఎలా అంటారు మరి? మీ మాట నా వైపే ఉంది.

పల్లవి చరణం:
తెలియదని నేను అనలేదు. తెలిసీ ఇక్కడ వదిలేశారు అంటున్నాను.

మూడో ఆట:
ఒక్క ప్రశ్న. అదే 1986లో వచ్చిన లేడీస్ టైలర్‌లో హీరో తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి కోసం ఊళ్ళో ఆడవాళ్ళ వెంట పడతాడు. అందరం పగలబడి నవ్వుతాం. దాని జోలికి ఎవరూ రారు. మంచి ఉద్దేశంతో తీసిన సినిమాను మాత్రం బోనెక్కిస్తారు. ఇదేం న్యాయం?

గోరింట:
లేడీస్ టైలర్‌ను ఎవరూ సంస్కరణ అని ఆడపిల్లలకు చూపించరు. స్వాతిముత్యాన్ని చూపిస్తారు. మా ఇంట్లో చూపించారు. మా పిన్ని చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఉద్యోగం ఉంది, పాపను చదివించుకుంటోంది. బంధువుల్లో పెద్దమనుషులు సంబంధాలు తెచ్చేవారు, అదీ ఆమెకు చెప్పకుండా మాట్లాడి, చివర్లో తీసుకొచ్చి కూర్చోబెట్టేవారు. వద్దు అంటే, అందరికీ శివయ్య లాంటివాడు దొరుకుతాడా, దొరికినవాణ్ణి చూసి సంతోషించు అనేవారు. ఆ పేరు నేను మొదట విన్నది సినిమాలో కాదు, పిన్ని ఏడుస్తున్నప్పుడు.

నేలటికెట్టు:
మీ బంధువుల మూర్ఖత్వానికి విశ్వనాథ్ ఏం చేస్తారు? రామాయణం చదివి కూడా భార్యను అనుమానించేవాళ్ళు ఉన్నారు. దానికి వాల్మీకిని అడుగుతామా? సినిమా చూడటం రానివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నిజం చెప్పాలంటే ఈ చర్చ మొదలుపెట్టిన పద్ధతి చూస్తే మీకూ రాదనిపిస్తోంది. ఏ సినిమాలోనైనా తప్పు వెతకాలని కూర్చుంటే దొరక్కపోదు. సాగర సంగమంలో హీరో తాగుబోతు. ఖైదీలో హీరో పోలీసులను కొడతాడు. అన్నీ తీసి గంగలో పారేద్దామా?

రీలుపెట్టె:
పారేయనక్కరలేదు. దాచుకునేవాళ్ళు లేక నెగటివులు వాటంతట అవే పాడైపోతున్నాయి. ఈ తగవులో సగం ఓపిక అటువైపు పెట్టినా బాగుండేది.

గోరింట:
నాకు సినిమా చూడటం రాదన్నారు. సరే, చూడటం వచ్చిన మీరు చెప్పండి. తాళి కట్టాక, ఆమె దాన్ని తీసేసి అక్కడి నుంచి వెళ్ళిపోగల దారి ఆ కథలో ఉందా? వెళితే ఎక్కడికి వెళ్తుంది? అన్నావదినల ఇంటికా? దారులన్నీ మూసేసి, మిగిలిన ఒక్క దారిలో నడిచిన మనిషిని చూసి, ఇష్టపడి నడిచింది అంటే ఎలా? దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పండి. వాల్మీకి దాకా వెళ్ళవద్దు.

నేలటికెట్టు:
ఒక్క మాటలో చెప్పలేను. చెప్పలేకపోవడానికి కారణం చెబుతాను. ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మా అమ్మది రెండో పెళ్ళి. నన్ను కన్న తండ్రి పోయినప్పుడు నేను చంకలో పిల్లవాణ్ణి. ఆమె పుట్టింటికి వచ్చింది. మళ్ళీ పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే తాతయ్య అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవారట. ఈ సినిమా ఇంటిల్లిపాదీ కలిసి చూసి వచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు తాతయ్యే అమ్మను కూర్చోబెట్టుకుని, నీకు ఇష్టమైతే చెప్పమ్మా, నేను నిలబడతాను అన్నారు. నన్ను పెంచి పెద్దచేసిన నాన్న అలా వచ్చారు. మా ఇంట్లో ఆ సినిమా గురించి ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. ఇక్కడికి వచ్చి చూస్తే, అది ఆడదాన్ని అడగకుండా మెడకు తగిలించిన ముడి అని రాశారు. మా అమ్మ పెళ్ళి గురించే ఎవరో అలా అన్నట్టు వినిపించింది నాకు. సినిమా గురించి మాట్లాడుతున్నారని నాకు తెలుసు. అయినా అలాగే వినిపించింది.

మూడో ఆట:
ముందే చెప్పి ఉంటే మేం ఇంత దూరం లాగేవాళ్ళం కాదు.

గోరింట:
నేలటికెట్టు గారూ, మీ తాతయ్యగారికి దండం పెడతాను. మనసులో మాటే అంటున్నాను.

కానీ మీరు రాసినదే మళ్ళీ ఒకసారి చదవండి. నీకు ఇష్టమైతే చెప్పమ్మా అన్నారు. నేను మొదటి నుంచి అడుగుతున్నది ఆ ఒక్క వాక్యమే. ఆ వాక్యం మీ తాతయ్య నోట ఉంది, సినిమాలో ఏ పెద్దమనిషి నోటా లేదు. మా పిన్నికి ఆ మాట అన్నవాళ్ళు దొరకలేదు. మీ అమ్మగారి పెళ్ళినీ, లలిత పెళ్ళినీ నేను ఒకటిగా చూడటం లేదు. ఒకటిగా చూస్తున్నది మీరు.

నేలటికెట్టు:
ఆ వాక్యం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చూడటం లేదు. ఆ సన్నివేశంలో లలిత ముఖం చూసే ఆయన ఇంటికి వచ్చి అడిగారు. అడగకుండా కట్టిన తాళి చూసి, అడగాలని తెలుసుకున్నారు. తెర మీద అన్నీ సరిగ్గా జరిగి ఉంటే ఆయన చప్పట్లు కొట్టి పడుకునేవారు. సినిమాలో ఏముంది అన్నది మీ లెక్క. సినిమా ఏం చేసింది అన్నది నా లెక్క.

గోరింట:
నా లెక్కా అదే. మీ ఇంట్లో ఒకటి చేసింది, మా ఇంట్లో ఇంకొకటి చేసింది. మీ ఇంట్లో జరిగింది సినిమా గొప్పతనం, మా ఇంట్లో జరిగింది బంధువుల మూర్ఖత్వం అన్నారు. ఆ పంపకానికే నేను ఒప్పుకోను.

పల్లవి చరణం:
ఇది ఇక్కడ తేలేది కాదు. ఒక్కటి గుర్తు చేస్తాను. దీనికి ఒక్క ఏడాది ముందు, 1985లో, టి.కృష్ణ ప్రతిఘటన తీశారు. నడివీధిలో అవమానం జరిగిన అధ్యాపకురాలు ఎవరి అండా లేకుండా చివరికి తానే గొడ్డలి పట్టుకుంటుంది. విజయశాంతికి నంది అవార్డు తెచ్చిన సినిమా. జనం విరగబడి చూశారు. రెండు సినిమాలకూ కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ ప్రేక్షకులే. కాబట్టి ఆనాటి జనానికి ఇంతే అర్థమవుతుంది అనే మాట మాత్రం ఎవరూ తేవద్దు. ప్రతిఘటన మీద విడిగా చర్చ మొదలుపెడుతున్నాను, ఇద్దరూ రండి.

నేలటికెట్టు:
వస్తాను. లలిత సంగతి మాత్రం వదలను.

రీలుపెట్టె:
ప్రతిఘటన మంచి ప్రింటు ఎవరి దగ్గరైనా ఉందా?