హన్మకొండ నుంచి మాస్టర్స్‌కు వస్తున్నా: రూమ్మేట్లతో కలిసి అసైన్‌మెంట్లు చేయొచ్చా?

హన్మకొండ, ఆగస్టులో టెక్సస్: అన్నా, నలుగురం మనోళ్లమే, ఒకటే రూము, ఒకటే కోర్సు. అసైన్‌మెంట్లు పంచుకొని చేసుకుందామనుకుంటున్నం. సామాన్ల కుక్కర్ తెచ్చుకోవాల్నా?

పరకాల–మిచిగన్: కుక్కర్ తర్వాత సంగతి తమ్మీ. మొదటి వారం ప్రతి సబ్జెక్టు సిలబస్‌ల ‘కొలాబరేషన్’ పేరా చదువు. ఒకాయన ఐడియా మాట్లాడుకోమంటడు, ఇంకొకాయన అదీ వద్దంటడు. మన దిక్కు ల్యాబ్ రికార్డులు ఒకల్ది చూసి ఒకలు దింపినట్టు ఇక్కడ నడ్వది. కోడ్ కాపీలు పట్టే మోస్ అనే సాఫ్ట్‌వేర్ వేరియబుల్ పేర్లు పట్టించుకోదు, కోడ్ కట్టునే పోలుస్తది. పేర్లన్నీ మార్చిండ్రు గని, కామెంట్ల ఒకటే స్పెల్లింగు తప్పు రెండు ఫైళ్లల్ల ఉంటది. ఇంకేం చెప్తరు?

మంచిర్యాల–ఒహాయో: ఇచ్చినోనికీ శిక్షే, అది యాద్వెట్టుకో. ఒక పోరడు రాత్రి 11కు ‘చూసి ఇస్త’ అన్న దోస్తుకు వాట్సాప్‌ల ఫైలు పంపిండు. వాడు అట్లనే పెట్టిండు. ఇద్దరికీ సున్నా. అసలు దెబ్బ ఆ తర్వాత: భయపడి, ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పకుండనే ఆ సబ్జెక్టు వదిలేసిండు. 9 క్రెడిట్లు 6 అయినయి, ఫుల్‌టైమ్ పోయింది, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్ పోయింది. ఐ-539 ఫారం పెట్టుకొని రీఇన్‌స్టేట్‌మెంట్ కోసం, అంటే స్టేటస్ మళ్ల వస్తదని, కూసున్నడు. కాపీ కొట్టినవని యూనివర్సిటీ నుంచి మెయిల్ వస్తే చాట్లు చెరపకు, సబ్జెక్టు వదలకు. నువ్వే రాసినవని చూపెట్టనీకి డ్రాఫ్టులు, గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ పట్టుకొని పో.

జగిత్యాల–న్యూజెర్సీ: రిపోర్టులైతే టర్నిటిన్‌ల (రాసింది వేరేవాటితో పోల్చే సాఫ్ట్‌వేర్) 20 శాతం లోపుంటే ఏం కాదు.

పరకాల–మిచిగన్: గట్ల చెప్పకన్నా, పిల్లలు నమ్ముతరు. అది పోలిక లెక్క, కాపీ లెక్క కాదు. రెఫరెన్సులు కలిస్తే 30 ఉన్నా తప్పు లేకపోవచ్చు. 6 శాతమే ఉన్నా, పేరా మొత్తం ఎత్తుకొచ్చిందైతే కేసే.

జగిత్యాల–న్యూజెర్సీ: మా ప్రొఫెసర్ 20 అనే చెప్పిండు.

పరకాల–మిచిగన్: ఆయన క్లాసు వరకే అది.

కరీంనగర్–లీడ్స్: ఇంగ్లండ్‌కు వచ్చేటోళ్లకు ఒక మాట. పైసలు తీసుకొని అసైన్‌మెంట్ రాసిచ్చుడు 2022 చట్టంతోని నేరమైంది. రాయించుకున్నోనికి శిక్ష యూనివర్సిటీ వేస్తది. రాసిచ్చినోళ్లే తర్వాత ‘మీ కాలేజీకి చెప్తం’ అని బెదిరించి ఇంకిన్ని పైసలు గుంజుతరు. టైం సరిపోకుంటే గడువుకు ముందే మెయిల్ పెట్టి ఎక్స్‌టెన్షన్ అడుగుండ్రి.

హన్మకొండ: మరి దోస్తు ఫైలు అడిగితే ఎట్లన్నా? మొఖం మీద లేదంటే బాగుండది కదా.

మంచిర్యాల–ఒహాయో: మాట్లాడుకోనిచ్చే సబ్జెక్టైతే ల్యాప్‌టాప్ మూసి, కాగితం మీద గీసి చెప్పు. వానికి సమజైనంక ఆ కాగితం చింపెయ్యి. ఎవల కోడ్ వాళ్లు వేరే వేరే జాగల కూసొని రాసుకోండ్రి. కుక్కర్ 3 లీటర్లది తెచ్చుకో.